కడియం నేల, వెస్ట్‌లాండ్ బల్ల

నర్సరీ అన్న మాట వినగానే తెలుగువాడికి కడియం గుర్తొస్తుంది. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వస్తుంటే వేమగిరి దాటినప్పటి నుంచే రోడ్డుకు రెండు పక్కలా మొక్కలు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, దుళ్ళ, ఇలా ఏ ఊళ్లోకి మళ్లినా కాలువ గట్ల వెంట, కొబ్బరి చెట్ల కింద, ఇళ్ల వాకిళ్ల దాకా మొక్కలే. మామిడి అంట్లు, సపోటా అంట్లు, క్రోటన్లు, నందివర్ధనాలు, గులాబీలు, పామ్ జాతులు, అన్నీ నేల మీదే. నల్ల కవర్లలో, ఒకదాన్నొకటి ఆనుకొని, మడులు మడులుగా. ఈ దృశ్యం మనకు ఎంత అలవాటంటే, మొక్కను నేల మీద ఉంచడమనేది ఒక పద్ధతి అనీ, దానికి మరో ప్రత్యామ్నాయం ఉంటుందనీ తోచదు.

నెదర్లాండ్స్‌లో ద హేగ్‌కూ రాటర్‌డామ్‌కూ నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న వెస్ట్‌లాండ్‌లో గాజు కప్పుల కింద కుండీ మొక్కల్లో ఎక్కువ భాగం బల్లల మీద పెరుగుతాయి. ఆ బల్లలు కొన్నిచోట్ల పక్కకు దొర్లుతాయి, కొన్నిచోట్ల పట్టాల మీద ప్రయాణం చేస్తాయి. అక్కడి పెంపకందారుకు కడియం ఎలా ఉంటుందో ఊహకు అందదు, మన రైతుకు ఆ బల్లలు అంతే వింత. అయినా ఈ రెండు చోట్లకూ పైకి కనిపించే దానికన్నా చుట్టరికం ఎక్కువ. రెండూ డెల్టాలే. రెండూ మనిషి నీటిని అదుపులో పెట్టాక నిలబడిన సీమలే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి నీరు కాలువలకెక్కింది. పూల వేలానికి పేరుపొందిన ఆల్స్‌మేర్ పక్కనే ఉన్న హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సును ఆవిరి యంత్రాలతో తోడి ఎండగట్టిందీ అదే 1852లోనే. ఇక్కడ నేల మీదికి నీళ్లు తెచ్చారు, అక్కడ నేల మీది నీళ్లు తీసేశారు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే డచ్చివారు బట్టల వ్యాపారానికి పాలకొల్లు వచ్చారన్నది మరో సంగతి. వాళ్లు మన నేత కొన్నారు గాని మన మొక్కల మళ్లను చూసి ఉండరు, అప్పటికి కడియం కడియం కాలేదు.

ఇప్పుడు మన దగ్గర కూడా పాలీహౌస్‌లు, సన్నటి తుంపర కింద కొమ్మలకు వేరు పట్టించే మిస్ట్ ఛాంబర్లు, నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీలు ఊరూరా వస్తున్నాయి. ఇనుము కొని లోపల బల్లలు వేయాలా, వేస్తే ఎలాంటివి వేయాలి అన్న ప్రశ్న డబ్బు పెట్టే ప్రతివాడికీ ఎదురవుతోంది. అమ్మేవాళ్లు ఆ ప్రశ్నకు కేటలాగుతో జవాబు చెబుతారు. నేను ఈ రెండు సంప్రదాయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఏది గొప్పదో తేల్చడానికి కాదు, ఏది ఎందుకు అలా అయిందో తెలిస్తే తప్ప ఎంపిక కుదరదు కాబట్టి.

కడియం నేలను ఎంచుకోవడం వెనక పేదరికం ఒక్కటే లేదు. మే నెలలో గోదావరి జిల్లాల్లో వడగాలి కొడుతుంటే గాలి కన్నా నీడ పట్టున తడిసిన నేల చాలా చల్లగా ఉంటుంది. కవర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు మడి అంచున ఉన్న వరస మాత్రమే ఎండ దెబ్బ తింటుంది, లోపలి కవర్లకు పక్క కవర్లే నీడ. అదే మొక్కను ఎత్తి ఇనుప జాలీ పరిచిన మెష్ బల్ల మీద పెడితే వేడిగాలి అడుగు నుంచి కూడా తగులుతుంది. మట్టి త్వరగా ఆరిపోతుంది, నల్ల కవరు వేడెక్కి వేరు ఉడుకుతుంది. నేల మీద పొద్దున ఒకసారి నీరు చాలిన మొక్క బల్ల మీద సాయంత్రానికి మళ్లీ అడుగుతుంది. ఈ సంగతి కడియం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అతను ఎంచుకున్నది నేల చల్లదనాన్ని.

వెస్ట్‌లాండ్‌లో మాత్రం నేల శత్రువు. అక్కడ శీతాకాలం నేల చల్లబడితే వేరు పని మానేస్తుంది. గాలిని ఎంత వేడి చేసినా వేరు చల్లగా ఉన్న మొక్క ఎదగదు. అందుకే మొక్కను పైకెత్తి, బల్ల కింద వేడినీటి పైపులు నడిపారు. వేడి కింది నుంచి పైకి, వేరు మీదుగా ఆకు దాకా పోతుంది. గ్రోనింగెన్‌లో 1959లో బయటపడిన సహజవాయువు ఆ పైపులను దశాబ్దాల పాటు చవకగా వేడి చేసింది. మొక్క బల్ల ఎక్కింది చలికి భయపడి. మన మొక్క నేలను విడవనిది ఎండకు భయపడి. కడియం రైతు వెలుతురును ఆపడానికి డబ్బు పెట్టి 50 శాతం, 75 శాతం షేడ్‌నెట్ కొంటాడు, కాగా డచ్చి పెంపకందారు వెలుతురును రప్పించడానికి డబ్బు పెట్టి గాజు తుడిపిస్తాడు, దీపాలు వేలాడదీస్తాడు. వెలుతురు ఒక శాతం పెరిగితే దిగుబడి ఒక శాతం పెరుగుతుందని వాళ్లలో ఒక మోటు లెక్క ఉంది. అంత ఖరీదైన వెలుతురు ఖాళీ దారి మీద పడితే వాళ్లకు ప్రాణం పోయినట్టే ఉంటుంది.

ఈ భేదాలను ఇక్కడితో వదిలి వేర్ల దగ్గరికి వస్తే చుట్టరికం బయటపడుతుంది. బల్లల గురించి రాసేవాళ్లు అరుదుగా ముట్టుకునే విషయం ఇది, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. కవరు అడుగున నీరు పోవడానికి చిల్లులుంటాయి. వాటిలోంచే వేరు కూడా బయటికొస్తుంది. కవరు కదలకుండా కొన్ని నెలలు నేల మీద ఉంటే ఆ వేరు కింది మట్టిలోకి దిగి పాతుకుపోతుంది. చూడ్డానికి మొక్క కళకళలాడుతూనే ఉంటుంది, కాని అది తింటున్నది కవర్లో మట్టిని కాదు. లారీకి ఎత్తే రోజున కవరు లాగితే వేరు పుటుక్కున తెగుతుంది, ఊరు చేరేసరికి మొక్క తల వాల్చేస్తుంది. అందుకని కడియంలో మొక్కలను మధ్యమధ్య చోటు మార్పిస్తారు. కవరు ఎత్తి, బయటికొచ్చిన వేరు తెంపి, నీడన పెట్టి తేరుకోనిచ్చి, మళ్లీ మడిలో చేరుస్తారు. మడి కింద నల్లటి వీడ్‌మ్యాట్ పరిచినవాళ్లకు ఈ పని కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

బల్ల మీద ఇదే పని గాలి చేస్తుంది. మెష్ మీద పెట్టిన కుండీలోంచి వేరు బయటికి తొంగి చూస్తే కింద మట్టి ఉండదు, పొడి గాలి ఉంటుంది. వేరు కొస అక్కడే ఎండి ఆగిపోతుంది, ఆగాక వెనక పక్క వేర్లు పుడతాయి. వేరు గుబురుగా కుండీ నిండా అల్లుకుంటుంది. కడియం చేయి తెంపేదీ, వెస్ట్‌లాండ్ గాలి ఎండబెట్టేదీ ఒకే వేరు కొసను. రెండు చోట్లా కోరేదీ ఒకటే, మొక్క తన కుండీని తప్ప మరో ఇల్లు ఎరగకూడదు. మన ఊళ్లలో 98 గుంతల ప్రోట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి టమాటా నారు, మిరప నారు పెంచేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలియాలి. ట్రేను నేరుగా నేల మీద పెడితే పాతిక రోజులకు నారు పీకేటప్పుడు వేర్లు కింద చిక్కుకొని ఉంటాయి. ఇటుకల మీద వెదురు బద్దలు వేసి జానెడు ఎత్తున పెట్టినా చాలు, గాలి ఆడుతుంది, వేరు ఆగుతుంది. అది కూడా బల్లే. కంపెనీ పేరు లేకపోయినంత మాత్రాన కాకపోదు. అయితే బల్ల అన్న ప్రతిదానికీ ఈ గుణం లేదు. అడుగున రంధ్రాలు లేని ప్లాస్టిక్ తొట్టి బల్లల మీద వేర్లు కుండీ కింద చాపలా పరుచుకుంటాయి, అక్కడ నేల మీద ఉన్న తంటానే మళ్లీ వస్తుంది.

ఇక దారుల లెక్క. బల్ల కొనేవాడు మొదట చూడాల్సింది బల్లను కాదు, బల్లల మధ్య ఖాళీని. 8 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న ఒక పాలీహౌస్ తీసుకుందాం, నేల 240 చదరపు మీటర్లు. ఒక చివర మీటరున్నర అడ్డదారి తీసేస్తే బల్లల పొడవు 28.5 మీటర్లు. మనిషి చేయి సుఖంగా 75 సెంటీమీటర్ల దాకా అందుతుంది. కాబట్టి రెండు వైపులా నడవగలిగిన బల్ల మీటరున్నర వెడల్పు ఉండొచ్చు, గోడను ఆనుకున్న బల్ల అందులో సగమే. గోడల పక్కన రెండు సగం బల్లలు, నడుమ మూడు నిండు బల్లలు, వాటి మధ్య అరమీటరు దారులు నాలుగు. వెడల్పులో 6 మీటర్లు మొక్కలకు, 2 మీటర్లు నడకకు. మొత్తం మీద మొక్కలకు దక్కేది 171 చదరపు మీటర్లు, అంటే నేలలో 71 శాతం. అది కూడా దారులు ఇరుకు చేస్తే. అరమీటరు దారిలో మనిషి నడుస్తాడు గాని ట్రాలీ నడవదు, ప్రతి ట్రేనూ చేతుల మీద మోయాల్సిందే.

అదే చోట దొర్లే బల్లలు వేస్తే ఒక్క దారి చాలు. బల్ల పైభాగం రెండు గొట్టాల మీద కూర్చుంటుంది. గొట్టం తిప్పితే బల్ల అడుగున్నర, రెండడుగులు పక్కకు జరుగుతుంది. ఎక్కడ పని ఉంటే అక్కడ దారి తెరుచుకుంటుంది, పని అయ్యాక మూసుకుంటుంది. 60 సెంటీమీటర్ల దారి ఒకటి, బల్లల మధ్యా గోడల పక్కా సందులకు 40 సెంటీమీటర్లు పోను వెడల్పులో 7 మీటర్లు మొక్కలకు మిగులుతాయి. 199.5 చదరపు మీటర్లు, 83 శాతం. స్థిరమైన బల్లల కన్నా ఆరో వంతు ఎక్కువ. గాజు, గ్యాసు, దీపాలు అన్నిటికీ నేల మొత్తానికి ముందే డబ్బు కట్టిన డచ్చి పెంపకందారుకు ఆ ఆరో వంతు ఉచితంగా వచ్చిన పంట. అందుకే అక్కడి కుండీ మొక్కల హౌస్‌లలో దొర్లే బల్లలు అంత విరివిగా కనిపిస్తాయి. 2022లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు చలికాలం హౌస్‌లు ఖాళీగా ఉంచిన పెంపకందార్లు కూడా ఉన్నారు. అక్కడ అడుగు చోటు విలువ వేడి ధరను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

కడియం షేడ్‌నెట్ కింద ఈ లెక్క తిరగబడుతుంది. ఆరో వంతు ఎక్కువ చోటు కావాలంటే పక్క మడికి నెట్ పొడిగించుకోవడం ఇనుప బల్లలు, గొట్టాలు, కాంక్రీటు పునాదులు కొనడం కన్నా చవక. పైగా దొర్లే బల్లకు ఒక లోపం ఉంది, అమ్మేవాళ్లు దాన్ని చెప్పరు. దారి ఒక్కటే కాబట్టి ఒక గదిలో ఒక్క జట్టే పని చేయగలదు. ఒకరు మొక్కలు చూస్తుంటే మరొకరు అవతలి బల్ల దగ్గరికి పోలేరు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకేసారి నాలుగు మడుల్లో కలుపు తీసే కడియం పద్ధతికి ఇది సరిపడదు. నేల సమతలంగా లేకపోతే బల్ల బరువుకు తానే పల్లం వైపు జరుగుతుంది, డ్రిప్ గొట్టాలు ఒరుసుకొని ఊడిపోతాయి. అలాగని దాన్ని తోసిపుచ్చలేం. ఫాగర్లు, కూలింగ్ ప్యాడ్లు, పెద్ద ఫ్యాన్లు పెట్టిన మిస్ట్ ఛాంబరులో మన దగ్గర కూడా అడుగు చోటు ఖరీదైనదే. అక్కడ మన లెక్క వెస్ట్‌లాండ్ లెక్కకు దగ్గరవుతుంది. అంటే తేడా దేశాల మధ్య ఉన్నదాని కన్నా కప్పుల మధ్య ఎక్కువ.

దొర్లే బల్లను ఇంకో మెట్టు ఎక్కిస్తే పట్టాల మీద నడిచే బల్ల వస్తుంది. ఐదారు మీటర్ల పొడవున్న అల్యూమినియం బల్ల మొక్కలతో సహా గది నుంచి గదికి, గది నుంచి ప్యాకింగ్ షెడ్డుకు పోతుంది. మనిషి ఒకచోట నిలబడతాడు, మొక్క అతని దగ్గరికి వస్తుంది. ఫలెనాప్సిస్ ఆర్కిడ్ పెంచేవాళ్లకు ఇది ప్రాణాధారం. ఆ మొక్క ఆకులు పెట్టే నెలల్లో 28 డిగ్రీల వెచ్చదనం కోరుతుంది, ఆ తర్వాత 19, 20 డిగ్రీల చల్లని గదిలోకి మార్చితే గాని పూకాడ వేయదు. గదిని చల్లబరచడం కన్నా మొక్కను చల్లని గదికి పంపడం సులువు. బల్ల అక్కడ వాహనం. ఇలాంటి ప్రయాణం కడియంలోనూ ఉంది. మిస్ట్ ఛాంబరులో వేరు పట్టిన కొమ్మను ముందు చిక్కటి నీడకు, తర్వాత పలచటి నీడకు, చివరికి ఎండకు మారుస్తారు. అక్కడ రుతువును గదులుగా కట్టారు, ఇక్కడ నీడను మెట్లుగా పరిచారు. నడిపేది అక్కడ మోటారు, ఇక్కడ మనుషులు. ఆకులు ఒకదాన్నొకటి తాకగానే మొక్కల మధ్య ఎడం పెంచాలన్న నియమం కూడా రెండు చోట్లా ఒకటే. వెస్ట్‌లాండ్‌లో ఆ పని యంత్రపు వేళ్లు చేస్తాయి, కడియంలో ఆడకూలీలు చేస్తారు. అయితే మొక్కను చేత్తో ఎత్తే మనిషి పురుగును, తెగులును, వాడుతున్న ఆకును చూస్తుంది. యంత్రానికి ఆ చూపు నేర్పడానికి కెమెరాలు బిగించాల్సి వచ్చింది.

నీటి విషయంలో కూడా ఇదే వరస. డచ్చి బల్లల్లో చాలావాటికి నీరు కింది నుంచి పెడతారు. తొట్టి బల్లలోకి రెండు మూడు సెంటీమీటర్ల నీరు ఎక్కించి, కుండీ పీల్చుకున్నాక దించేస్తారు. ఆకు తడవదు కాబట్టి ఆకుమచ్చలు తక్కువ, దిగిన నీరు శుద్ధి చేసి మళ్లీ వాడతారు కాబట్టి ఎరువు వృథా కాదు. 2027 నాటికి గ్రీన్‌హౌస్‌ల నుంచి ఎరువులు, మందులు బయటి నీళ్లలోకి దాదాపు పోకుండా చేయాలన్నది ఆ దేశం పెట్టుకున్న లక్ష్యం. ఆ నిర్బంధం లేకపోయి ఉంటే ఇన్ని తొట్టి బల్లలు వచ్చేవో లేదో. కాని ఆ నీరే పిథియం లాంటి వేరుకుళ్లు తెగులును ఒక కుండీ నుంచి వెయ్యి కుండీలకు మోసుకుపోగలదు. అలాగే నీరు ఎప్పుడూ కింది నుంచే వస్తే లవణాలు కడుక్కుపోక కుండీ పైమట్టిలో పేరుకుంటాయి. బరువు సంగతి కూడా మరవకూడదు. మూడు సెంటీమీటర్ల నీరు అంటే చదరపు మీటరుకు 30 కిలోలు, అది తడిసిన కుండీల బరువుకు అదనం. చవక కాళ్ల మీద నిలబెట్టిన బల్ల ఆ బరువుకు వంగితే నీరు ఒక మూలకే చేరి, సగం మొక్కలు మునిగి, సగం ఎండుతాయి.

కడియంలో నీరు పైపుతో పైనుంచి పడుతుంది. ఆకు తడుస్తుంది, మట్టి చింది ఆకు అడుగున పడుతుంది, దానితో పాటే తెగులూ ఎక్కుతుంది. నీరూ ఎక్కువ ఖర్చవుతుంది. కాని వానాకాలపు జల్లులు ఏడాది లవణాన్ని కడిగేస్తాయి, పైపు పట్టుకున్న మనిషి ఏ కవరుకు ఎంత కావాలో చూసి పోస్తుంది. ఈ రెండింటి నడుమ మెష్ బల్ల ఉంది. పైనుంచి పోసినా నీరు కిందికి జారిపోతుంది, గాలి ఆడుతుంది, మట్టి చిందదు. వర్షాకాలం మడి బురదలో కవర్ల అడుగులు రోజుల తరబడి నానే చోట అదొక్కటే మొక్కను కాపాడుతుంది. 1986 ఆగస్టు నాటి గోదావరి వరద లాంటిదానికి బల్లేమీ అడ్డు కాదు, కాని ఏటా వచ్చే చిన్న ముంపులకు ఎత్తు పనికొస్తుంది. తుపాను గాలికి మాత్రం బల్ల మీది మొక్కే ముందు పడుతుంది.

ఇంతవరకూ మొక్క గురించే మాట్లాడాను. బల్ల ఎంపికలో మనిషి నడుము గురించి మాట్లాడకపోతే ఈ పోలిక పూర్తి కాదు. కడియం మొక్కలన్నీ గొంతు కూర్చున్న ఆడవాళ్ల చేతుల మీదుగా వచ్చినవి. కవర్లు నింపడం, కొమ్మలు గుచ్చడం, కలుపు తీయడం, చోటు మార్చడం, అన్నీ మోకాళ్లు ముడుచుకొని, నడుం వంచి, పూటల తరబడి చేసే పనులు. నలభై ఏళ్లు రాకముందే మోకాళ్లు అరిగినవాళ్లు ఆ ఊళ్లలో ఎందరో. వెస్ట్‌లాండ్‌లో పని సులువని కాదు, అక్కడ కూడా పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు గంటల కొద్దీ ఒకేచోట నిలబడి ఒకే కదలిక చేస్తుంటారు. కాని వాళ్లు నిలబడి చేస్తారు. కూలి ఖరీదైన దేశం మనిషి కాలాన్ని ఆదా చేయడానికి బల్ల కట్టింది, నడుము దాంతో పాటు బతికింది. కూలి చవకైన చోట ఆ ఆదా ఎవరి ఖాతాలోనూ కనపడదు కాబట్టి బల్ల రాలేదు. దీన్ని నేను సంప్రదాయపు సొగసుగా ఒప్పుకోను. కడియం మీద ఎంత ప్రేమ ఉన్నా సరే.

బల్ల వేసినా దాని ఎత్తు అరువు తెచ్చుకోకూడదు. డచ్చివాళ్లు ప్రపంచంలోకెల్లా పొడగరుల్లో ఉంటారు, వాళ్ల నడుముకు అందే బల్ల మన ఆడవాళ్లకు రొమ్ముకు వస్తుంది. ఐదడుగుల మనిషికి మోచేయి నేల నుంచి దాదాపు 95 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చెయ్యి పని చేసేది కుండీ అంచు దగ్గర. కుండీ, మొక్క కలిసి జానెడు పైన ఉంటే బల్ల 65 నుంచి 70 సెంటీమీటర్లు మించకూడదు. వెడల్పు విషయమూ ఇలాంటిదే, పనిచేసే మనిషి చెయ్యి నడిమి వరసకు అందకపోతే ఆ వరసలోనే పురుగు ముందు పడుతుంది.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సరుగుడు, వెదురు చవక, కాని తడికీ చెదలుకూ రెండు మూడేళ్లకు మించి నిలవవు. చెదలు రాకుండా క్రియోసోటు పూసిన కర్ర వాడితే ఆ ఆవిరి మొక్కలనే మాడుస్తుంది. ఇటుక దిమ్మెల మీద కడప బండలు వేస్తే తరాలు ఉంటాయి, గాలి మాత్రం ఆడదు. గాల్వనైజ్ చేసిన ఇనుప కాళ్ల మీద వెల్డ్ మెష్ ఇప్పటికి మధ్యేమార్గం. మెష్ కోసిన అంచులకు జింక్ పెయింట్ తప్పనిసరి, ఎరువు నీళ్లు ముందు తినేది అంచులనే.

ఇక రెండు దారులూ కలిసే చోటు. వెస్ట్‌లాండ్ అంతా బల్లల మీదే ఉందనుకుంటే పొరపాటు. పెద్ద పామ్‌లు, ఫైకస్‌లు, బరువైన కుండీలు అక్కడ కూడా నేల మీదే ఉంటాయి. కాకపోతే ఆ నేల కాంక్రీటు. లోపల వేడినీటి గొట్టాలు నడుస్తాయి, నీరు ఎక్కి దిగేలా వాలు కుదిర్చి ఉంటుంది, కుండీలను ఎత్తడానికి ఫోర్కుల బండ్లు తిరుగుతాయి. బల్ల మోయలేని బరువు వచ్చేసరికి వాళ్లూ నేలకే దిగారు, దిగే ముందు నేలను బల్ల చేసుకున్నారు. అలాగే కడియం అంతా నేల మీదే ఉందన్నదీ నిజం కాదు. కాక్టస్‌లు, సక్యులెంట్‌లు, బోన్సాయ్ కుండీలు, ఇంట్లో పెంచుకునే చిన్న మొక్కలు అక్కడ కూడా అరుగుల మీదికీ బల్లల మీదికీ ఎక్కాయి. మొక్క చిన్నదై, ధర ఎక్కువై, ఒక్కోదాన్నీ చేత్తో ముట్టుకోవాల్సి వచ్చేకొద్దీ కడియం పైకి లేస్తుంది. మొక్క పెద్దదై, బరువై, ముట్టుకునే పని తగ్గేకొద్దీ వెస్ట్‌లాండ్ కిందికి దిగుతుంది. రెండింటికీ గీత ఒక్కచోటే ఉంది, కుండీ బరువు దగ్గర.

అందుకని ఒకే రకం బల్లతో హౌస్ నింపేయమని చెప్పేవాడిని ఏ పెంపకందారూ నమ్మనక్కర్లేదు. అర ఎకరం నర్సరీకి నా సలహా ఇది. అంట్లకు, కొమ్మలకు, నారుకు మిస్ట్ ఛాంబరులోనూ పాలీహౌస్‌లోనూ మెష్ బల్లలు వేయాలి. అందులోనూ ఖరీదైన కప్పు కింద మాత్రమే దొర్లేవి, మిగతా చోట్ల స్థిరమైనవి. పూల మొక్కలకు, ఇంటి మొక్కలకు ఒక వరస బల్లలు చాలు. మే నెలలో వాటి కింద చాపలో గోనెలో తడిపి పరిస్తే అడుగు నుంచి వచ్చే వేడి తగ్గుతుంది. పండ్ల అంట్లు పెద్ద కవర్లలోకి మారాక నేల మీదికే రావాలి, కింద వీడ్‌మ్యాట్ మీదికి. పట్టాల బల్లలు, తొట్టి బల్లలు మాత్రం ఒకే పంటను వేలల్లో, ఏడాది పొడవునా ఒకే తీరుగా పెంచేవాళ్లకే లెక్క కుదురుతుంది. కడియం బలమంతా ఒక మడిలో పది రకాలు పెంచడంలో ఉంది. దాన్ని ఒకే రకం బల్లకు తగ్గించుకోవాల్సిన అవసరం ఇప్పట్లో లేదు. బల్లలు ఆర్డరు చేసే ముందు ఎత్తు, వెడల్పు కొలిచేది యజమానీ కాదు, ఫాబ్రికేటరూ కాదు. రేపు ఆ బల్ల దగ్గర పని చేయబోయే ఆడవాళ్లను పిలిచి, ఇటుకలు పేర్చి పలక వేసి, ఒక పూట దాని మీద కవర్లు నింపించి చూసి, వాళ్లు చెప్పిన కొలతతో ఇనుము కోయించాలి.